అయిదో మలుపు దగ్గర వాన

అయిదో మలుపు దగ్గర మొదటి చినుకు పడిందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. పందెంలో ఇంకా ఆరు చుట్లు మిగిలి ఉన్నాయి.

షెడ్డులో అందరూ టైర్ల మేస్త్రి ముఖం చూశారు.

పాతికేళ్లుగా పందెం కార్లకు టైర్లు ఎంచడమే అతని పని. చిన్నా పెద్దా అందరికీ అతను రబ్బరు బాబాయ్. టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి, ఇది ఎన్ని చుట్లు బతుకుతుందో చెప్పేస్తాడు. ఈ పూట నున్నటి టైర్లు ఎంచింది కూడా అతనే. గాడి అన్నదే లేని మెత్తటి రబ్బరు. వేడెక్కిందంటే రోడ్డును జిగురులా పట్టుకుంటుంది. తడి తగిలిందా, ఇక అంతే సంగతులు. పైగా ఇవి చిన్న కార్లు, బరువు లేనివి. నీళ్లు నిలిచిన చోట నాచు మీద కాలేసినట్టే.

“బాబాయ్, ఏం చేద్దాం?” పసుపు కారులోంచి డ్రైవరు గొంతు. అది వీళ్ల కారు. రెండో స్థానంలో ఉంది. దానికి నాలుగు సెకన్ల ముందు ఆకుపచ్చ కారు పరుగెడుతోంది.

“ఇక్కడింకా పొడిగానే ఉంది. అక్కడెలా ఉందిరా?”

“స్టీరింగ్ చేతిలో తేలిపోతోంది.”

బాబాయ్ బయటికొచ్చి అరచేత్తో నేల తడిమాడు. గాలి వాసన చూశాడు. ఎక్కువసేపు పట్టదు, కుమ్మరించేస్తుంది.

దేనికీ తొణకని మనిషి. ఈ రోజు మాత్రం పొద్దుటినుంచీ మంచినీళ్లు కూడా సరిగా తాగలేదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య గుమ్మం దాకా వచ్చి, “వాన పడుతుందట” అని మాత్రం అంది. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది.

నిరుడు ఇదే మలుపులో, ఇలాంటి వానలోనే, ఒక కారు నున్నటి టైర్లతో గోడెక్కింది. దాన్ని నడిపిన మనిషి ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు.

యజమానురాలు గబగబా దగ్గరికొచ్చింది. ఈ ఏడాదే జట్టును కొనుక్కుంది. బుర్ర పాదరసం.

“బాబాయ్ గారూ, వాన టైర్లు వేయాల్సిందేనా?”

“వేయాల్సిందేనమ్మా. ఈ చుట్టులోనే.”

“అయితే టైర్లు లోపలే ఉంచండి. ఆకుపచ్చ కారు ఈ షెడ్లలోకి తిరిగే దారి దాటి ముందుకు పోనివ్వండి. అప్పుడు మనవాణ్ణి పిలుద్దాం. సంగతి తెలిసేసరికి వాళ్లు ఇంకో చుట్టు తిరిగి రావాలి. వాళ్లవీ నున్నటి టైర్లే, పైగా వానలో.”

బాబాయ్ పక్క షెడ్డు వైపు చూశాడు.

“అర్థమైంది కదా? ఇక పందెం మనదే.”

పక్క షెడ్డు ఆకుపచ్చ కారు వాళ్లది. వాళ్ల టైర్ల మనిషి కొత్తవాడు. ఆకాశం కన్నా బాబాయ్‌నే ఎక్కువ చూస్తుంటాడు. బాబాయ్ తుమ్మితే తను రుమాలు తీసే రకం.

“అయిదో మలుపులో వాళ్ల కారు జారితే?” అన్నాడు బాబాయ్.

“అది వాళ్లు చూసుకోవాలి. మీరు చూడాల్సింది మన కారుని.”

“అవునమ్మా.”

దూరంగా కార్ల మోత వినిపించింది. మరో పాతిక సెకన్లలో ఆకుపచ్చ కారు షెడ్ల దారి దాటిపోతుంది. కదలొద్దన్నట్టు యజమానురాలు చెయ్యి అడ్డంగా పెట్టింది. మెకానిక్కులు ఎక్కడివాళ్లక్కడే నిలబడ్డారు.

బాబాయ్ ఆగలేదు. గోడవార పేర్చిన వాన టైర్లలో ఒకదాన్ని లాగి, రెండు చేతులా దొర్లించుకుంటూ షెడ్డు బయటికి, నడిదారి మీదికి తెచ్చేశాడు. “తేండ్రా, మిగతావి తేండి” అని పక్క షెడ్డు అదిరేలా కేకేశాడు.

పక్క షెడ్డు మనిషి తల తిప్పాడు. టైరుకేసి చూశాడు. మరుక్షణం వైర్‌లెస్ అందుకున్నాడు.

దాటిపోవలసిన ఆకుపచ్చ కారు ఆఖరి క్షణంలో పక్కకు కోసుకుని షెడ్ల దారిలోకి వచ్చింది. దాని వెనకాలే పసుపు కారు. యజమానురాలి ముఖంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు.

టైర్లు మార్చడం అయ్యేసరికి వాన కుండపోత. రెండు కార్లూ వచ్చిన వరసలోనే బయటికెళ్లాయి. టైర్లు మార్చకుండా సాగిన మూడో కారు అయిదో మలుపులో గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. డ్రైవరు కుంటుకుంటూ బయటపడ్డాడట. ఆ మాట చెవిన పడగానే బాబాయ్ గోడకానుకుని నేలమీదే కూర్చుండిపోయాడు.

చివరికి ఆకుపచ్చ కారు గెలిచింది. పసుపు కారు మూడు సెకన్లు వెనకబడింది.

యజమానురాలు అరవలేదు. అరిస్తేనే నయమనిపించింది అందరికీ.

“పాతికేళ్ల అనుభవం మీది. పాతిక సెకన్లు ఆగలేకపోయారా?”

“చెయ్యి తొందరపడిందమ్మా.”

“మీ చెయ్యి తొందరపడదు. వాళ్లకు అమ్ముడుపోయారా?”

“లేదమ్మా.”

“మరెందుకు చేశారు?”

బాబాయ్ మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “మీ కోపంలో న్యాయముంది. రేపటినుంచి నేను రాను. కుర్రాణ్ణి మాత్రం ఏమీ అనకండి, బాగా నడిపాడు.”

వేదిక మీద ఆకుపచ్చ కారు డ్రైవరు హెల్మెట్ తీసింది. తండ్రి చలవతో పైకొచ్చిందన్న మాట పడలేనని, తమ చుట్టరికం ఎవరికీ చెప్పొద్దని మూడేళ్ల కిందట బాబాయ్ చేత ఒట్టు వేయించుకున్న ఆ అమ్మాయి, షెడ్డు వైపు చూస్తూ మైకులో, “నాన్నా” అంది.