షామీర్‌పేట చెరువులో తెర

పడవ చుట్టూ తెర కట్టి ఉండటంతో పాత బురుజు మాకు కనబడలేదు, వినబడింది.

"బురుజొచ్చింది దొరసానీ. మీద నెమలి కూసున్నది" అని తెర అవతల నుంచి పడవ నడిపే శంకరమ్మ చెప్పింది.

అది 1944. చెరువు నిండింది కదా, గుట్టల ఒడ్డు వెంట తిరిగొస్తామని కోడళ్ళం ముగ్గురం అడిగాం. పరాయి కళ్ళు పడకుండా తెర ఉండాలన్నారు మామగారు. అత్తమ్మ మారు మాట్లాడకుండా తెర కుట్టింది. అందుకే ఆమె మీద నాకు ఒళ్ళు మండుతోంది.

"నెమలిని వినడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఎదురుగా కూర్చున్న అత్తమ్మ లేచి తెర ముడులు విప్పింది. "శంకరమ్మా, నీ గడ ఇటియ్యి."

పడవ తోసే ఆ వెదురు గడకెక్కిన తెర గాలికి పొంగి తెరచాప అయింది. పడవ బురుజు పక్కనుంచి దూసుకుపోయింది. నెమలి ఎగిరింది. అందరం చూశాం.

తిరిగి కట్ట దగ్గరికి వచ్చేసరికి మామగారు నిలబడి ఉన్నారు. "తెర ఎందుకు తీసిన్రు?"

"తీయలే. ఎత్తినం" అంది అత్తమ్మ. "శంకరమ్మా, ఒడ్డుకు పోనియ్యకు. ఇంకో చుట్టు తిప్పు."

అప్పుడు తలెత్తి చూశాను. తెర అంచున, గడ సరిగ్గా దూరేటంత మడత. ఇంటి దగ్గరే కుట్టి తెచ్చింది.