చెరగని పెట్టె

రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో నాగశ్రీ ఆక్సిజన్ మీటరు బిగిస్తోంది. ఒంటిగంటకి చెరువు యజమాని భీమరాజుగారి కంప్యూటరు తెర మీదకి ఓ చిన్న పెట్టె వచ్చింది. "భోంచేశారా?" కింద ఒకటే బటన్: "తిన్నాను."

ఆయన నొక్కారు. పెట్టె మాత్రం పోలేదు.

"ఈ ప్రోగ్రాం మీరే రాశారా రాజుగారూ?"

"ఆఁ. ప్రతి గీతా, ప్రతి చుక్కా నేనే గీశానమ్మా. నెల పట్టింది."

"అయ్యో, ప్రోగ్రాములు రాసే టూల్‌కిట్‌లో రెడీమేడ్ పెట్టెలుంటాయి కదండీ! రెండు లైన్లు చాలు. నొక్కగానే అదే చెరిగిపోతుంది. ఇలా సొంతంగా గీస్తే, పెట్టె పోవాలంటే దాని వెనకాల ఉన్నదంతా మళ్ళీ మనమే గీసుకోవాలి. మీరది మర్చిపోయారు."

"మొదట మర్చిపోయాను. తర్వాత తెలిసింది."

"సరిచేసేయనా అండీ? ఐదు నిమిషాల పని."

"వద్దులేమ్మా." ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "తిన్నానన్నా మా ఆవిడ నమ్మేది కాదు. ఎదురుగా అలాగే నిలబడేది. పోయి రెండేళ్ళయింది."

పనిముట్లు సర్దుకుంటూ నాగశ్రీ బల్ల వైపు చూసింది. ఒకదాని పక్కన ఒకటి, రెండు మీల్స్ పార్సిళ్ళు. కట్టిన దారం కట్టినట్టే ఉంది.