దుప్పట్లో పిల్లాడు

బెజవాడ భవానీపురం స్టాపులో సిటీ బస్సు దిగేసరికి పన్నెండు కావస్తోంది. ఒంటిగంటకి మెడికల్ బోర్డు లేచిపోతుంది. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఇటు రాదు. కాశిం కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అర్హాన్‌కి ఎనిమిదేళ్ళు. ఒక్క మాట రాదు. గుంటూరు డాక్టరు ఆటిజం అన్నాడు. అదేమిటో వాళ్ళ ఊరు పెడనలో ఎవరికీ తెలియదు. బట్టల మీద అద్దకం వేసుకుని బతికే కాశింకి అసలే తెలియదు. తాయెత్తులు కట్టించాడు, దిష్టి తీయించాడు, ఎవరెవరు చెప్పిన చోటికల్లా తిరిగాడు. చివరికి ఎవరో చెబితే, భవానీపురంలో ఇలాంటి పిల్లల కోసం రెండు గదుల బడి నడుపుతున్న సాంబమూర్తి గారికి ఉత్తరం రాయించాడు. ముక్కూ మొహం తెలియని మనిషి, వారం తిరక్కుండా జవాబిచ్చాడు.

"బోర్డు మా బడిలోనే కూర్చుంటోంది. సర్టిఫికెట్ చేతికొస్తే పింఛను వస్తుంది, బస్సు పాసు వస్తుంది. సీటు నేనిస్తాను. బాబుని తీసుకుని రండి. దారిలో గోల చేస్తే మాత్రం కొట్టకండి. దుప్పటి బిగుతుగా చుట్టి గుండెకి హత్తుకోండి, సర్దుకుంటాడు."

ముత్యాల్లాంటి అక్షరాలు. భార్య కుల్సుం చదివి వినిపించినప్పుడల్లా కాశింకి కళ్ళు చెమర్చేవి. కొట్టకండి అని రాసిన ఆ చెయ్యి ఎంత మెత్తనిదో అనుకునేవాడు. ఉత్తరం ఇప్పుడు చొక్కా జేబులో ఉంది. దుప్పటి సంచిలో ఉంది.

ఇంతలో పక్కనుంచి పోతున్న లారీ ఎయిర్ హారన్ కొట్టింది.

అర్హాన్ చెవులు మూసుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. గొంతు చించుకుని అరుస్తూ తల నేలకేసి కొట్టుకోబోయాడు. కాశిం గబగబా దుప్పటి చుట్టి, ఎత్తి గుండెకి అదుముకున్నాడు. పెనుగులాటలో పిల్లాడి తల ఎగిరొచ్చి అతని గడ్డానికి తగిలింది. నాలుక పళ్ళ మధ్య పడి తెగింది. నోట్లోంచి కారిన రక్తం పిల్లాడి చొక్కా మీద పడింది.

అది రెండువేల రెండు వేసవి. దుప్పట్లు అమ్మేవాళ్ళ వేషంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని బెజవాడంతా ఒకటే పుకారు. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడు ఒక్కడూ లేడు.

"ఒరే, దుప్పట్లో పిల్లాడున్నాడ్రా," అని సోడా బండి దగ్గర్నుంచి ఎవరో కేకేశారు.

ఆటో నడిపే లాజరు ముందుగా ఉరికొచ్చి దుప్పటి లాగి పారేశాడు. "ఎవరి పిల్లాడ్రా వీడు?"

కాశిం నోరు తెరిచాడు. రక్తమే వచ్చింది.

"బాబూ, ఈయన మీ నాన్నేనా?" అనడిగాడు గుంపులో ఒకడు.

అర్హాన్ అరుస్తూనే ఆటో చక్రం వంక చూస్తున్నాడు.

"చూశారా, కాదంటున్నాడు," అన్నాడు అడిగినవాడు.

పిల్లాడు ఔననలేదు, కాదననూ లేదు. అయినా ముందు కొట్టి తర్వాత అడగడం మనవాళ్ళకి అలవాటే కదా. మొదటి దెబ్బ చెవి మీద పడింది. తర్వాతవి ఎక్కడెక్కడ పడ్డాయో కాశింకి తెలియలేదు. చెప్పులతో కొట్టారు, బెల్టుతో కొట్టారు. ఒకడు సోడా సీసా నెత్తిన పగలగొట్టాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఫట్‌మంది. చొక్కా పీలికలైంది. జేబులో ఉత్తరం ఎవరి కాళ్ళ కిందో నలిగిపోయింది.

"మాస్టారొస్తన్నారు, జరగండి జరగండి."

గోల విని పక్క సందులోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్లచొక్కా, కళ్ళజోడు. వస్తూనే పిల్లాడి ముందు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులతో వాడి చెవులు మూశాడు. జేబులోంచి తాళాలగుత్తి తీసి చేతికిచ్చాడు. అర్హాన్ అరుపు ఆగింది. కన్నతల్లి దగ్గర తప్ప నిలవని పిల్లాడు ఆయన భుజానికి తల ఆనించాడు. నేల మీద పడున్న కాశింకి ప్రాణం లేచొచ్చింది. ఈయన పదిమందిలా కాదు, అడిగి తెలుసుకుంటాడు అనుకున్నాడు.

ఆయన పిల్లాడి చొక్కా మీద రక్తం చూశాడు. పక్కన పడున్న దుప్పటి చూశాడు. మొహం నల్లబడింది.

"పేరు చెప్పుకోలేని పిల్లలే దొరికార్రా మీకు?"

"మాస్టారి అబ్బాయిని గుణదల తిరనాళ్ళలో ఇట్టాగే ఎత్తుకుపోయారు పాపం," అంది సోడా బండి బుల్లెమ్మ పక్కవాళ్ళతో. "పదేళ్ళయింది, ఇప్పటిదాకా అయిపు లేదు."

అంతవరకూ కొట్టినవాళ్ళంతా ఒక ఎత్తు, ఆయనొక్కడూ ఒక ఎత్తు. జుట్టు పట్టుకుని కాశిం తలని రోడ్డుకేసి బాదాడు. డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడికి కొట్టిన లాజరే వెనక్కి తగ్గాడు. కళ్ళజోడు ఎగిరిపడినా మాస్టారు ఆగలేదు. గుండెల మీద మోకాలు వేసి పిడికిళ్ళతో మొహం మీద గుద్దుతూనే ఉన్నాడు.

కాశింకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. తను పోతే అర్హాన్‌ని బోర్డు ముందుకి తీసుకెళ్ళేదెవరు? ఈ పాటికి పన్నెండున్నర దాటే ఉంటుంది. వీడు నా కొడుకని ఈ ఊళ్ళో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ మనిషి వస్తే చాలు, ఈ దెబ్బలు ఆగిపోతాయి, వాడికి సర్టిఫికెట్ వస్తుంది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, తెగిన నాలుకతోనే ఒక్కో అక్షరం బయటికి నెట్టాడు.

"సాం...బ...మూర్తి గార్ని... పిలవండి."

లాజరు వంగి విన్నాడు.

"మాస్టారూ, మిమ్మల్నే పిలవమంటున్నాడండీ," అన్నాడు లాజరు, కాశిం గుండెల మీద మోకాలు వేసి కూర్చున్న మనిషితో.