శాలువా నీడ

"ఈ నీడ ఎవరిదమ్మా?" అని అడిగింది ఫోటోగ్రఫీ మేడం, పాత ఫోటోని కిటికీ వెలుతురుకి పట్టుకుని.

"మా అమ్మది మేడం. నా చిన్నప్పటి ఫోటోలన్నీ అమ్మే తీసిందని నాన్న చెప్పాడు. ఎండకి వీపు పెట్టి నిలబడేది కాబోలు, అన్నిట్లోనూ నీడ పడింది" అంది వడ్రంగి కూతురు.

ఫోటోలో ఏడాది పిల్ల ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతోంది. పిల్ల కాళ్ళ దగ్గర, నేల మీద, తలమీంచి శాలువా కప్పుకున్న మనిషి నీడ. అంచు కుచ్చులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"అమ్మ ఫోటో ఏదైనా ఉంటే తీసుకురా, పక్కపక్కన పెడదాం."

"ఒక్కటీ లేదు మేడం. నాకు మూడేళ్ళప్పుడు పోయిందట, నాన్న చెప్పిందే."

మేడం ఫోటో తిరిగిచ్చేసింది.

ఆ డిజిటల్ ఫోటోగ్రఫీ క్లాసులో ప్రాజెక్టులు మూడు. ఒక్కోదానికీ ఒక ఫోటో, దాని వెనక ఏమాలోచించారో అర పేజీ. బొమ్మకి సగం మార్కులు, ఆలోచనకి సగం. తోటివాళ్ళు 'వెలుతురు బాగుంది, అందుకే తీశాను' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఈ పిల్ల మాత్రం మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టేసింది.

మొదటిది 'నీడ'. పెట్టెలోంచి అమ్మ పచ్చ శాలువా తీసి, తీగ మీద ఆరేసి, గోడ మీద పడ్డ నీడని తీసింది. 'దీనికి చెక్కపొట్టు వాసన. నాకు తెలిసిన అమ్మ వాసన ఇదే' అని రాసింది.

రెండోది 'చేతులు'. తండ్రి చేతుల్ని తీసింది. ఆయన కుడిచేతి చూపుడువేలు సగమే. ఈమె పుట్టకముందే రంపం తినేసింది. "నావి తొమ్మిదిన్నర వేళ్ళు, అరంగుళం తేడా వస్తే నన్ననొద్దు" అని పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళతో హాస్యమాడతాడు. అదంతా రాసి, చివర్లో ఇలా రాసింది: 'ఈ చేతులు ఊరందరికీ మంచాలు చేశాయి. నన్ను ఒక్క ఫోటో తీయలేదు. నా చిన్నతనంలో నాన్న ఎక్కడా లేడు.'

ఆ కాగితం ఇంట్లో మరిచిపోయిన రోజు తండ్రి కంట పడింది. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"బాగా రాశావమ్మా" అన్నాడు. మళ్ళీ పనిలో పడిపోయాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆమెకి మనసులో కలుక్కుమంది. కానీ ఉన్నమాటేగా రాసింది అనుకుంది.

మూడోది 'పాత ఫోటోలో దాగినది'.

"నాన్నా, నా ఫోటోల ఫిలింలు ఉన్నాయా?"

చెక్కని చిత్రిక పడుతున్న తండ్రి చేయి ఆగింది. "ఎందుకూ?"

"నువ్వు చేసిన అద్దాల బీరువా పక్కన నేను కూర్చున్న ఫోటో ఉంది కదా. ఎదురుగా నిలబడి తీసిన అమ్మ ఆ అద్దంలో పడే ఉంటుంది. కాగితం మీద నలుపే కనిపిస్తోంది. ఫిలింని స్కాన్ చేసి నలుపుని వెలిగిస్తే ముఖం రావచ్చంటున్నారు మేడం."

"రాదు తల్లీ. నాసిరకం కెమెరా అది."

"నీకెలా తెలుసు? ఎప్పుడైనా కెమెరా ముట్టుకున్న పాపాన పోయావా?"

ఆయన చెక్క మీది పొట్టు ఊదాడు.

"పెళ్ళి ఫోటో అడిగితే వానలో తడిసిందంటావు. అద్దం ముందు నిలబడితే నా ముక్కు ఎవరిదో, నా కళ్ళు ఎవరివో నాకు తెలీదు. ఒక్కసారి అమ్మ ముఖం చూడాలని ఉంది నాన్నా."

"మీ అమ్మ నిన్ను కళ్ళారా చూసుకుంది. అది చాలదా?"

"చాలదు."

ఆయన చేతులు తుడుచుకుని లేచాడు. అటక మీంచి తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా దించాడు.

"రోజంతా ఒకటే ఏడుపు నువ్వు. ఆ శాలువా కంటపడితేనే నవ్వేదానివి. ఆ నవ్వు కోసమే తీసినవి ఇవి. అది గుర్తుపెట్టుకో" అన్నాడు. డబ్బా ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు కంప్యూటర్ గదిలో ఆమె ముందుగా అర పేజీ రాసేసింది: 'ఇదిగో మా అమ్మ. నన్ను ఇలా చూసేది.' ఆ మాటల పైన బొమ్మకి జాగా వదిలింది. అంత నమ్మకం.

ఫిలిం తెర మీదికొచ్చింది. నలుపుని కొద్దికొద్దిగా వెలిగించింది. ముందు బీరువా చెక్క మీది చారలు తేలాయి. తర్వాత అద్దంలో శాలువా కుచ్చులు. ఆపైన తల. ఆ తలకి ముఖం లేదు. ముఖమున్న చోట కెమెరా అడ్డంగా ఉంది.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ ఆశ అక్కడితో తెల్లారిపోయింది.

వెనక నుంచి మేడం భుజం మీద చేయి వేసింది. "ముఖం రాకపోతే పోనీలే. చేతులు పడ్డాయి చూడు. అమ్మ చేతులైనా చూసుకో."

నిజమే, ఆ మాత్రమైనా దక్కింది అనుకుని ఆమె కళ్ళు తుడుచుకుంది. కెమెరా పట్టుకున్న చేతుల దగ్గర బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

మీట నొక్కుతున్న చూపుడువేలు సగమే ఉంది.