గోడ దిగిన సేనాపతి

సేనాపతిని దొంగిలించడానికి అల్లుడు వేసిన పథకంలో ముచ్చటైన సంగతి ఏమిటంటే, ఆ బొమ్మ సొంతదారే దాన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టడం.

పాత తైలవర్ణ చిత్రాలకు పట్టిన మసి వదిలించి, చిరుగులు అతికించి ఇవ్వడం అతని పని. కింద దుకాణం మామగారిది, పైన ఇల్లు మామగారిది, నేర్చుకున్న విద్య మామగారిది, ఆఖరికి పడుకునే మంచం కూడా మామగారిదే. "మా అల్లుడు బంగారమే కానీ, కాస్త చేతకానివాడు" అని వచ్చిన ప్రతివాళ్లతోనూ ముసలాయన అంటుంటే, నవ్వలేక నవ్వి అతనికి దవడలు నొప్పెట్టేవి. ఒక్కటంటే ఒక్క పెద్ద దెబ్బ కొట్టి, సొంత దుకాణం పెట్టి, ఆయన నోరు మూయించాలి. ఇంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ కోరలేదు.

అలాంటి సమయంలో వచ్చింది పెద్దావిడ, కారు వెనక సీటులో సేనాపతిని పడుకోబెట్టుకుని. ఆవిడకు స్వయానా ముత్తాత. మెలేసిన మీసం, బుగ్గ మీద కత్తిగాటు, గుండె నిండా పతకాలు. యుద్ధాల గురించి రాసిన ఏ పుస్తకం తీసినా ఆయన ఉండాల్సిందే.

"పొగ పట్టేసింది బాబూ. పాతికేళ్ల కిందట మీ మామగారే శుభ్రం చేసిచ్చారు. అప్పుడు నెల పట్టింది."

"నాకూ అంతే పడుతుందండీ" అన్నాడు అల్లుడు, ఎంతో వినయంగా.

అదృష్టం చూడండి, ఆ వారమే మామగారు చిన్నకూతురింటికి ప్రయాణం కట్టారు.

నకలు వేయడం అల్లుడికి కష్టం కాదు. చిక్కల్లా బొమ్మ వేసే గుడ్డతోనే. "చిరుగుకి మాటు వేయాలన్నా పాత గుడ్డే వాడు అల్లుడూ, వెనక్కి తిప్పి చూస్తే గుట్టంతా బయటపడుతుంది" అన్నది మామగారు చెప్పిన తొలి పాఠం. దుకాణమంతా గాలించినా పనికొచ్చే పాత గుడ్డ దొరకలేదు. విసిగిపోయి మేడెక్కి కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా గోడ మీద, శాలువా కప్పుకుని, మామగారి తండ్రి. మామగారే వేసిన బొమ్మ. దించి చూస్తే గుడ్డ బాగా పాతది. కొలిస్తే వేలెడు తేడా కూడా లేదు! అల్లుడు ఎగిరి గంతేశాడు.

"నాన్నొస్తే ఏం చెప్తారు?" భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చెద పట్టిందని చెప్తాలే. అయినా ఆ బొమ్మంటే నీకెప్పుడూ పడదుగా?"

"తాతయ్య పోలికే లేదు మరి. ఆయనకి అంతంత భుజాలెక్కడివి? గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేవాడు పాపం. సరే, మీ తిప్పలు మీరు పడండి, మధ్యలో నన్ను లాగకండి."

తాతయ్య మీద మందంగా తెల్లరంగు పడింది. అది ఆరాక దాని మీద సేనాపతి వెలిశాడు. పతకాలు, కత్తిగాటు, వార్నిష్‌లో సన్నటి పగుళ్లు, అన్నీ కుదిరాయి. అల్లుడే స్వయంగా తీసుకెళ్లి, కొత్త మేకు కొట్టి, పెద్దావిడ హాల్లో తగిలించాడు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది.

"ఏమో బాబూ, ఇన్నాళ్లకి మా ముత్తాత ఇల్లు చేరినట్టుంది!"

అల్లుడు నవ్వాపుకోలేక దగ్గాడు.

ఆవిడ తెచ్చిన సేనాపతి దుకాణం వెనకగదిలో ఉన్నాడు. అల్లుడు కుదుర్చుకున్న కొనేవాడు మర్నాడు పొద్దున వస్తానన్నాడు. ఈలోగా సాయంత్రమే మామగారు బస్సు దిగి, సంచీతో నేరుగా దుకాణంలోకి వచ్చేశారు. దాచేద్దామనే అనుకున్నాడు అల్లుడు. కానీ చేతకానివాడన్న మాట గుర్తొచ్చి నోరు ఊరుకోలేదు. అంతా చెప్పేసి, బొమ్మ ముందు నిలబెట్టాడు.

ముసలాయన భూతద్దం పట్టుకుని కింద నుంచి పైదాకా చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఇది నా నకలు అల్లుడూ! ఇదిగో, ఈ చివరి పతకానికి రిబ్బను వేయడం మర్చిపోయా. నీకొచ్చిన బుద్ధే పాతికేళ్ల కిందట నాకూ వచ్చింది."

అల్లుడు భూతద్దం లాక్కుని ఆ పతకం చూశాడు. "మరి... అసలుది?"

"మొదట్లో కొనేవాడు దొరకలేదు. దొరికేసరికి నాకు ధైర్యం చాల్లేదు. పైన ఇంకో బొమ్మ వేసి దాచిపెట్టా. నువ్వు ప్రయోజకుడివైన రోజున నీకిద్దామనుకున్నా. ఇవాళ అయ్యావు! పద పైకి, రేపొచ్చేవాడికి అసలు సరుకే ఇద్దాం."

పెళ్లయ్యాక మొదటిసారి మామగారు అతని భుజం తట్టారు. అల్లుడికి కళ్లు చెమర్చాయి. ఆయన సంచీ అందుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ హాల్లోకి పరుగెత్తాడు.

వెనకే వచ్చిన ముసలాయన గుమ్మంలోనే ఆగిపోయారు. "అదేంటి, గోడ బోసిగా ఉంది? మా నాన్నేడీ? సేనాపతి ఉన్నది ఆ శాలువా కిందేగా!"

వంటింట్లోంచి వచ్చిన కూతురు అందుకుంది.

"మీ అల్లుడుగారు ఆయన్ని మోసుకెళ్లి, కొత్త మేకు కొట్టి మరీ, ఆ పెద్దావిడ గోడకే తగిలించి వచ్చారు నాన్నా!"