బోరులో కోడి కూత

ఫోను బోరులో పడిన రోజు ఎర్రన్న అన్నం తినలేదు.

పడింది తన చేతిలోంచే. ముదిగుబ్బ అవతల ఆయన చేలో ఒక ఎండు బోరు ఉంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చూసే మనిషి ఒకచోట వేయమంటే, కాదు, తంగేడు పొద పక్కనే వేయాలని భార్య రామసుబ్బమ్మ పట్టుబట్టి వేయించిన బోరు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఊరు దానికి రామసుబ్బమ్మ బోరని పేరు పెట్టింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆ పేరు పోలేదు, దాని మీద మొగుడూ పెళ్లాల తగువూ పోలేదు.

చివరి రోజుల్లో కదిరిలో కూతురింటి నుంచి ఆమె పంపిన వాయిస్ మెసేజి ఒకటి ఎర్రన్న ఫోనులో ఉంది. రోజూ పొద్దున్నే బోరు పక్కన నిలబడి దాన్ని వినేవాడు.

"ఆ బోరు మూయాకు. ఈ పొద్దు కాకుంటే రేపు, నీళ్లు వస్తాయి. వచ్చిన దినం నలుగుర్లో నిలబడి, సుబ్బమ్మ చెప్పిందే నిజమని నీ నోటితో అనల్ల."

విన్నాక ఎర్రన్న ఫోనులో టార్చి వేసి బోరులోకి చూపించేవాడు. "యాడుండాయే నీళ్లు? నువ్వే చూడు" అనేవాడు. ఆ రోజు ఇంకాస్త లోపలికి చూపిద్దామని, మెడలో వేసుకున్న ఫోను తాడు కూడా తల మీదుగా తీసి చెయ్యి దించాడు. జారింది.

పక్క చేను నాగప్ప వచ్చి తన ఫోనుతో రింగు కొట్టాడు. బోరులోంచి కోడి కూసింది. అది ఎర్రన్న రింగుటోను. బోరు లోపల ఎప్పుడో కూలింది కాబట్టి ఫోను కొద్ది లోతులోనే మట్టి మీద ఆగినట్టుంది.

"బతికే ఉండాదన్నా" అన్నాడు నాగప్ప, బావిలో పడ్డ మేకపిల్ల గురించి చెప్పినట్టు.

తాడుకు కొక్కెం కట్టి వదిలి చూశాడు. చీకట్లో దేనికీ తగల్లేదు. రింగు కొట్టడానికి తనది పైన ఉండాలని, వెలుగు కోసం తాడుకు కట్టి దించడానికి ఇంకెవరి ఫోనైనా ఒకటి ఇమ్మంటే, చుట్టూ చేరిన వాళ్లంతా ఇంట్లో మరిచొచ్చామన్నారు. అంతవరకూ వీడియో తీస్తున్నవాళ్లు కూడా. బోర్లలో పడ్డ మోటార్లు తీసే మెకానిక్కు శుక్రవారం గాని రాలేనన్నాడు.

సాయంత్రం కూతురు ప్రశాంతి నాగప్ప ఫోనుకు చేసింది. నాయన ఫోను అద్దం పగిలి రెండేళ్లయింది, మార్చమని ఆమె అప్పటినుంచీ పోరుతోంది. కదిరి అంగడిలో ఆదివారం దాకా తగ్గింపు ఉందట. కొత్తది తనే కొనిస్తుందట. ఎర్రన్న అన్నిటికీ ఒకటే జవాబు చెప్పాడు.

"కొంచెం తాళు పాపా. శుక్రారం తీస్తారు."

"అమ్మ ఫోను టబ్బుల బండోనికి ఇచ్చేటప్పుడు తాళినావా నాయనా?"

పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిచ్చే బండి వీధిలోకి వచ్చినప్పుడు, రామసుబ్బమ్మ ఫోను ఎర్రన్నే ఇచ్చి నీలం టబ్బు తీసుకున్న మాట నిజమే. అందుకే ఆమె గొంతు ఇప్పుడు ఒక్కచోటే మిగిలింది. అదీ బోరులో.

ఊరు రెండుగా చీలింది. దసరాకు ఇంకా మంచి ఫోన్లు వస్తాయి, ఇప్పుడు కొంటే మోసపోతావని కొందరన్నారు. ఫోను లేని మనిషిని ఎవరు మనిషనుకుంటారని కొందరన్నారు. ఎర్రన్న దిగులు వేరు. ఛార్జి అయిపోతుందని ఎవరినీ రింగు కొట్టనివ్వలేదు. పొద్దున ఒక్కసారి నాగప్ప కొట్టాలి, బోరులో కోడి కూయాలి, అప్పుడు గాని ఆయన టీ తాగడు.

గురువారం మబ్బు పట్టింది. ఏడాదంతా వానకు మొక్కిన మనిషి ఆ రోజు ఆకాశాన్ని తిట్టుకున్నాడు. ఇంటికి పోయి ఆ నీలం టబ్బే తెచ్చి బోరు మీద బోర్లించి, పైన రాయి పెట్టి, చుట్టూ మట్టితో కట్ట వేశాడు. వాన విడవకుండా పడింది. వేరుశనగ చేలు చూసుకుని ఊరంతా సంబరపడుతుంటే, ఎర్రన్న టబ్బు చూసుకుంటూ గొడుగు కింద కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున టబ్బు ఎత్తి చూస్తే బోరు అంచు పొడిగా ఉంది. ఒక్క చుక్క లోపలికి పోలేదు. ఎర్రన్న గర్వంగా తలెత్తి, రింగు కొట్టమని నాగప్పకు సైగ చేశాడు.

కోడి కూయలేదు. ఫోను స్విచాఫ్ అని వచ్చింది.

"ఛార్జి అయిపోయింటాదిలే అన్నా" అన్నాడు నాగప్ప. ఎర్రన్న టీ ముట్టలేదు.

మెకానిక్కు వచ్చి, తాడుకు కొక్కెమూ లైటూ కట్టి దించాడు. రెండోసారికే మెడతాడు చిక్కింది. పైకి తీసి ఎర్రన్న చేతిలో పెట్టగానే, ఛార్జి పెట్టే రంధ్రంలోంచి నీళ్లు కారి ఆయన మోచేతి దాకా పోయాయి.

"టబ్బు పెట్టినాను కదప్పా" అన్నాడు ఎర్రన్న. "నీళ్లు యాడినించి వచ్చినాయి?"

నాగప్ప ఒక చిన్న రాయి తీసి బోరులో వేశాడు. బుడుంగుమంది.

"పైనుంచి కాదన్నా" అన్నాడు మెల్లగా. "కిందనుంచి."

ఫోను మళ్లీ తెరుచుకోలేదు. సాయంత్రానికి ఊరంతా రామసుబ్బమ్మ బోరు చుట్టూ చేరింది. ప్రశాంతి బస్సు దిగి, కొత్త ఫోను డబ్బాతో నేరుగా చేలోకి వచ్చింది. రామసుబ్బమ్మ అడిగిన నలుగురి కంటే చాలా ఎక్కువమందే ఉన్నారు. వాళ్ల మధ్యలో ఎర్రన్న పాత ఫోనును పంచె కొంగుతో తుడుస్తూ నిలబడి ఉన్నాడు.

ఆ మాట ఇంకా అనలేదు.