అమ్మమ్మ ఇంటి పొక్కులు

పిల్ల చెవులు పాడయింది అత్తగారి వల్లే. అందులో వాదనకు తావు లేదు.

భార్య పోయిన మరుసటి ఏడు, చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఆయన తొమ్మిదేళ్ల కూతుర్ని వారం రోజులకని అమ్మమ్మ ఇంటికి పంపాడు. మూడోనాటికి పిల్ల చెవుల అంచులు కందిపోయాయి. ఒకటే దురద. ఆపైన నీటిపొక్కులు. పై ఏడూ అంతే. అదే ఇల్లు, అవే రోజులు. ఆ ఇంటి సబ్బో, దుప్పట్లో, ముసలావిడ చేతులో. ఆయన మూడూ కలిపి రద్దు చేశాడు.

ఈ ఏడు పిల్లకు బడి, ఆయన నడిపే సెలూన్ వెనక గది తప్ప మూడో చోటు లేదు. ముందు గదిలో ఆయన కత్తెర ఆడుతుంటే, వెనక గదిలో పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని వీధిని చూసేది. పొద్దుటి ఎండ తిన్నగా ఆ కిటికీలోకే వచ్చేది.

"నాన్నా, తలుపు తీసి ఉంచవా?"

"తీస్తే గాలొస్తుంది. గాలి వెనకే మీ అమ్మమ్మ వస్తుంది."

ముసలావిడ రానే వచ్చింది. గడప దగ్గరే ఆపేశాడు. గడ్డానికి నురగతో కుర్చీలో ఉన్న మనిషి అద్దంలోంచి చోద్యం చూస్తున్నాడు.

"ఒక్కసారి చూసి పోతానయ్యా."

"చూడ్డానికొచ్చి అంటించి పోతారు."

"మా ఇంట్లో ఇంతమంది పిల్లలు పెరిగారు. ఒక్కరికి చెవి ఎర్రబడిందా?"

"పెరిగినవాళ్ల సంగతి చెప్పకండి. పోయినదాని సంగతి నాకు తెలుసు."

ఆవిడ గడప దిగి వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి మళ్లీ పొక్కులు. అంటే దొంగచాటుగా బడికెళ్లి పిల్లను ముట్టుకుందన్నమాట. ఆ ముక్క కాగితం మీద రాయించి ముసలావిడ మొహాన కొట్టాలని, పిల్లను చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు.

డాక్టరమ్మ చెవులు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది అంటుకునేది కాదండీ. చలి వెళ్లే రోజుల్లో ఎండ నేరుగా చెవులకు తగిలితే కొందరు పిల్లలకు వస్తుంది. ఎక్కువగా మగపిల్లలకే. ఆడపిల్లలకు జుట్టు కప్పి ఉంటుంది కదా." పిల్ల తల నిమిరి అడిగింది. "ఇంత పొట్టిగా ఎవరు కత్తిరించారమ్మా?"

"జడ వేయడం రాదని, అమ్మ పోయినప్పట్నుంచీ నాన్నే మెషీన్ పెడతాడు" అంది పిల్ల. ఆయన మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి, ఈ సంగతి ఇక ఈ జన్మలో ఎవరూ తన దగ్గర ఎత్తకూడదన్నాడు.